జడమ్మ తలకు నూనె పెట్టిన రోజులు

ఇరవై తొమ్మిదేళ్ళు నేను చేసిన ఉద్యోగం ఒక్కటే, మనుషుల తలకు నూనె పెట్టడం. తిరుపతిలో ఒక ఆయుర్వేద ఆస్పత్రిలో, ఆడవాళ్ళ విభాగంలో. కాగితం మీద నా హోదా పేరు పెద్దగానే ఉండేది గానీ, మా అత్తగారు మాత్రం ఎవరడిగినా "ఆస్పత్రిలో పని" అని మాట మార్చేసేది. తలంటడం కూడా ఒక ఉద్యోగమేనా అని ఆమె సందేహం. నాకూ చాలా ఏళ్ళు లోపల్లోపల ఆ సందేహం ఉండేది. అది తీరిపోయిన సంగతి చెబుతాను.

మీలో ఈ పని కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు అడిగే ప్రశ్నలు మూడే. ఏ నూనె మంచిది, ఎన్ని నిమిషాలు చేయాలి, జుట్టు ఎన్నాళ్ళకు ఒత్తుగా వస్తుంది. నూనె సంగతి డాక్టరు చెబుతారు. నిమిషాలు గోడ గడియారం చెబుతుంది. జుట్టు గురించి మాత్రం నేనెవరికీ మాటివ్వలేదు. చుండ్రు తగ్గడం చూశాను, రాలే జుట్టు కాస్త నిలవడం చూశాను. బట్టతల మీద అడవి మొలవడం ఎక్కడా చూడలేదు. నేను ఎక్కువగా చూసింది నిద్ర. నెలల తరబడి కన్ను మూతపడని మనిషి చెక్క పీట మీద కూర్చునే తల వాల్చేయడం. మీ దగ్గర ఇప్పుడు జలపాతం శబ్దం పెడుతున్నారు, అగరు పొగ వేస్తున్నారు. మాకు కిటికీ అవతల బస్సు హారన్లు, ఇవతల నూనె మరకల గోడ. అయినా నిద్రపోయేవాళ్ళు.

పని ఇంతే. గుంటగలగరాకు తైలమో, క్షీరబలా తైలమో, ఆ మనిషికి డాక్టరు రాసిన నూనెను వేడినీళ్ళ గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేస్తాం. మాడు మీద పోసి, గోరు తగలకుండా వేళ్ళ కొసల మెత్తదనంతో, చర్మాన్ని ఎముక మీద మెల్లగా కదిలిస్తాం. దిగులున్న వాళ్ళ తలచర్మం ఎముకకు అతుక్కుపోయి ఉంటుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో వదులవుతుంది. ఆ వదులు పేషెంటుకు తెలియకముందే మన వేళ్ళకు తెలుస్తుంది. ఆ ఘడియ కోసం నేను కాచుకునేదాన్ని. అది తెచ్చే గర్వం కోసం కూడా. "ఆమె చెయ్యి పడితే గురకే" అని తైలాలు కాచే ఆయన నా మీద జోకు వేసేవాడు. అది జోకని తెలిసీ నేను లోపల మురిసిపోయేదాన్ని.

నాకు పని నేర్పింది పాకాల నుంచి రోజూ రైల్లో వచ్చే ఒక పెద్దావిడ. ఆమెను అందరం పాకాల అక్క అనేవాళ్ళం. మంత్రసానిగా బతికిన వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్న చేతులు ఆమెవి. చదువుకు సంబంధించిన కాగితం ఒక్కటీ లేదు. నాకు చెవుల దగ్గర వెంట్రుకలు నెరిసినా ఆమె నన్ను "పాపా" అనే పిలిచేది. మా పైన ఒక డాక్టరమ్మ. మాట తక్కువ, చూపు ఎక్కువ.

నేను చేరిన పద్దెనిమిదో ఏడో పంతొమ్మిదో ఏడో, ఒక శుక్రవారం పొద్దున, ఓపీ హాల్లో బెంచీల మీద కూర్చున్న జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చాడనుకుని నేను గదిలోంచి తొంగిచూశాను. వచ్చింది ఒక ఆడమనిషి. నలభై ఏళ్ళుంటాయి. పసుపు చీర, నుదుట రూపాయంత కుంకుమ. ఆమె తల నుంచి వేలాడుతున్నదాన్ని చూసి నేను గుమ్మం దాకా వచ్చేశాను. జుట్టంతా ముద్దగట్టి, లావుపాటి మోకుల్లాగా ఐదారు జడలై, మోకాళ్ళు దాటి కిందికి దిగి ఉంది. నడిచేటప్పుడు నేలకు రాసుకోకుండా వాటిని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎడమచేతి మీద మోస్తోంది. పసుపు, కర్పూరం, చెమట కలిసిన వాసన ఆమెకంటే ముందు వచ్చి మా గది నిండింది. ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి ఆమె కాళ్ళకు మొక్కింది. తైలాలు కాచే ఆయన చెప్పులు విడిచేశాడు.

మా వైపు ఇలాంటి జడ దిగితే అమ్మవారు వచ్చిందంటారు. గంగమ్మ తల్లి తనకు కావాల్సిన మనిషిని ఎంచుకుని తల మీద కూర్చుందని నమ్మకం. దాన్ని దువ్వకూడదు, కత్తెర పెట్టకూడదు. మంగళవారం, శుక్రవారం ఊళ్ళో జనం వచ్చి పసుపు చల్లి మొక్కి పోతారు. ఆమెది ఏర్పేడు అవతల ఒక పల్లె. ఊళ్ళో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు. అందరికీ జడమ్మ. వెంట వాళ్ళ అత్త, కాస్త ఎడంగా మొగుడు. ట్రాక్టరు తోలే మనిషి, పొడగరి. ఆమె కూర్చునేదాకా అతను కూర్చోలేదు.

"ఏమమ్మా బాధ?" అంది డాక్టరమ్మ.

"మెడ ఇరగబోతాండాది తల్లీ. తలనొప్పి. పండుకుంటే జడ ఒకపక్క, నేనొకపక్క. నిద్దర అనేది లేదు."

వాళ్ళ అత్త అడ్డం వచ్చింది. "మందు ఏమన్నా ఇయ్యండమ్మా. జడ జోలికి మాత్రం పోగూడదు. అమ్మోరు ఊరుకోదు."

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "జడ సంగతి మనం మాట్లాడొద్దు. మెడకి, కణతలకి, తల మీద వేలు దూరినంత మేరకి నూనె పెట్టు. అంతే."

మొదటిరోజు నా వేళ్ళకు తల దొరకలేదు. ఎక్కడ పెట్టినా జుట్టు గట్టి కొబ్బరిపీచులా అడ్డం. జడకూ జడకూ మధ్య వేలు పట్టేంత సందులు నాలుగో ఐదో ఉన్నాయి. వాటిలోంచి చూపుడువేలును దూర్చి తడిమితే, కింద చర్మం బిగిసిపోయి, కాస్త కదిలిస్తే ఆమె భుజాలు పైకి లేచేవి. ఆ బరువంతా చర్మాన్ని రాత్రీ పగలూ కిందికి లాగుతూనే ఉంది. అంత నొప్పితో ఈ మనిషి ఇన్నేళ్ళు ఎలా నిలబడిందో, వంట ఎలా చేసిందో, వరినాటుకు ఎలా వంగిందో నాకు అంతు పట్టలేదు.

మేం ఆ జడలను ఒక స్టూలు మీద దిండు వేసి దానిమీద పెట్టేవాళ్ళం, బరువు మెడ మీద పడకుండా. ఆ ఉపాయం పాకాల అక్కది. ఆరో రోజు ఆమె నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా. బయట కాచుకున్న వాళ్ళ అత్త తొంగిచూసి చెంపలేసుకుంది, అమ్మవారు నిద్రపోతోందని.

ఏడో రోజు నేను తప్పు చేశాను.

ఆ రోజూ ఆమె నిద్రపోయింది. ఎడమచెవి వెనక ఒక సన్నపాటి జడ మొదలు నూనెకు నాని మెత్తబడి ఉంది. నా వేళ్ళు దాన్ని నలిపాయి. ఒక పోగు వదులైంది. ఇంకొంచెం నలిపాను. ఇంకో పోగు. ఎవరూ విప్పలేరనుకున్నది నా చేతిలో విచ్చుకుంటోంది. ఆ నిమిషంలో నాకు ఆమె మెడ గుర్తులేదు, డాక్టరమ్మ మాట గుర్తులేదు. నా వేళ్ళు మాత్రమే గుర్తున్నాయి. పాకాల అక్క అటుగా వస్తూ చూసి "పాపా, వదిలెయ్" అంది గొంతు తగ్గించి. నేను వినిపించుకోలేదు. వేలెడు పొడవు విప్పేశాను. నల్లగా, నిగనిగలాడుతూ మామూలు జుట్టు బయటికి వచ్చింది. అప్పుడు నా మొహంలో నవ్వు ఉండే ఉంటుంది.

ఆమె చేయి నిద్రలోనే చెవి వెనక్కు పోయింది. విడివడిన వెంట్రుకలు వేళ్ళకు తగిలాయి. కళ్ళు తెరిచింది.

"ఎవురు ఇప్పమన్యారు?"

అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఆ చెవిని అరచేత్తో మూసేసుకుంది. నేను ఏదో చెప్పబోయాను, నూనెకు దానంతట అదే వదులైందని. అబద్ధం సగంలోనే నాకే అసహ్యం వేసి ఆపేశాను. ఆమె కొంగు తలమీద కప్పుకుని, జడలు ఎత్తుకుని, వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

డాక్టరమ్మ మెమో ఇవ్వలేదు. "ఆ మనిషి నీకు తల అప్పజెప్పి నిద్రపోయింది. ఆ నిద్రను నువ్వు వాడుకున్నావు" అంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను తిన్న తిట్లన్నీ మరిచిపోయాను గానీ, ఈ మాట నేటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

ఆదివారం పాకాల అక్క తన సెలవు పాడుచేసుకుని నాకోసం తిరుపతి వచ్చింది. ఇద్దరం ఏర్పేడు బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో ఆ పల్లెకు వెళ్ళాం. దారి పొడుగునా నేను ఒక క్షమాపణ తయారుచేసుకుంటున్నాను. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎక్కువ మాట్లాడొద్దు. తప్పని సెప్పు. మిగతాది ఆమె సెప్తాది" అంది.

ఆమె పెరట్లో గొడ్లకు కుడితి కలుపుతోంది. మమ్మల్ని చూసి కోపగించుకోలేదు. అత్త చెవిన పడకుండా వేరుశనగ చేను గట్టు దాకా నడిపించుకుపోయింది. నేను తప్పని చెప్పాను. ఆమె జడలు ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది.

"నీకు తెల్దులే అక్కా. సెప్తా ఇను. పెండ్లయిన కాణ్ణించి ఆయన కొట్టేవాడు. కూరలో ఉప్పు జాస్తయితే కొట్టేది, తక్కువయితే కొట్టేది. ఎప్పుడు కొట్టినా ముందు ఈడ్నే, ఈ చెవి ఎనకనే పడేది. ఒకతూరి నాకు జరం వచ్చి నెలపైన మంచం మీదనే ఉండా. తల దువ్వేదెవురు? లేచి సూసుకుంటే జుట్టంతా ముద్ద. మా అత్త సూసి అమ్మోరు వచ్చింది అని కాళ్ళ మీద పడె. ఆమెను సూసి ఆయనా పడె. ఆ దినం నుంచి ఈ తొమ్మిదేండ్లు నా మింద చెయ్యి పడలా."

ఆమె చేయి మళ్ళీ ఎడమచెవి వెనక్కు పోయింది.

"అమ్మోరు వచ్చిందో, చిక్కు పడిందో నాకు తెల్దు. వచ్చింటే నన్ను కాపాడేదానికే వచ్చింటుంది. నువ్వు ఇప్పితివి సూడు, ఈ చెవి ఎనక గాలి తగిలింది నాకు. సల్లంగా తగిలింది. దెబ్బ పడే తావు అది. బయం ఏసింది. అంతే. నీ మింద కోపం ల్యా."

ఎన్నో తలలు పట్టుకున్నాను కదా, తల అంటే నాకు తెలుసనుకున్నాను. ఆ గట్టు మీద కూర్చుంటే నాకేమీ తెలియదని తెలిసింది. ఆ ముద్దగట్టిన జుట్టు కింద ఒక మనిషి తొమ్మిదేళ్ళుగా దాక్కుని ఉంది. నేనేమో వేళ్ళ నేర్పు చూపించుకోవడానికి ఆమె తలుపు గడియ తీశాను.

పాకాల అక్క మాత్రం పని మాట్లాడింది. "మాతో ఉన్నప్పుడు నిద్దర పట్టిందా లేదా?"

"కడాకు రెండు దినాలు. బాగా పట్టింది."

"అయితే రా. జడ ముట్టం. ఈ పాప కూడా ముట్టదు. నాది పూచీ."

ఆమె వచ్చింది. ఆ తర్వాత నేను వేలు పెట్టే ప్రతిచోటా ముందు అడిగేదాన్ని. "ఇక్కడ పెడతా?" "పెట్టు." "కొంచెం గట్టిగా?" "వద్దు." మొదట్లో అది నాకు శిక్షలా అనిపించింది. తర్వాత్తర్వాత అలా అడగకుండా పని ఎలా చేశానా అనిపించింది. ఆ మాటల వల్లేనేమో ఆమె మెడ త్వరగా వదులయ్యేది. మీకు సర్టిఫికెట్ కోర్సు పుస్తకంలో మర్మస్థానాలన్నీ బొమ్మలేసి చూపిస్తారు. ఇది ఆ బొమ్మల్లో ఉండదు, రాసుకోండి.

కానీ నూనె ఎంతని సాయం చేస్తుంది? రెండు నెలలకు ఆమె కుడిచేయి తిమ్మిరెక్కడం మొదలైంది. చెంబు పట్టుకుంటే జారిపోయేది. డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, ఫిలిం వెలుగులో పెట్టి మెడ ఎముకలు చూపించింది.

"జడ తీసెయ్యమని నేను చెప్పను. చెయ్యి ఎందుకు తిమ్మిరెక్కుతోందో మాత్రం చెబుతాను. ఈ బరువు ఇలాగే ఉంటే చెయ్యి ఇంకా పట్టు తప్పుతుంది. ఆ పైన నీ ఇష్టం."

జడమ్మ ఆ ఫిలింను చాలాసేపు చూసింది. జడలు ఎత్తుకుని వెళ్ళిపోయింది. మూడు వారాలు రాలేదు. ఈసారి నేను వెళ్ళలేదు. వెళ్తే నా కోసం వెళ్ళినట్టు అవుతుందని పాకాల అక్క ఆపింది.

నాలుగో వారం ఒక పొద్దున ఆమె ఒక్కతే వచ్చింది. అత్త లేదు, మొగుడు లేడు. తొమ్మిదేళ్ళలో ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలట. కండక్టరు టికెట్ ఇవ్వడానికి భయపడ్డాడని చెప్పి నవ్వింది. వచ్చే దారిలో గంగమ్మ గుడి దగ్గర దిగి కాసేపు కూర్చుని వచ్చిందట.

"తీసెయ్ అక్కా."

నేను భయపడ్డాను. అప్పుడు విప్పడానికి అంత ఉబలాటపడ్డ దాన్ని, ఇప్పుడు చేతులు వెనక్కు పెట్టుకున్నాను.

"అమ్మవారిని అడిగావా?"

"అడిగేది కాదు, సెప్పినా. తొమ్మిదేండ్లు నువ్వు నన్ను మోస్తివి, నేను నిన్ను మోస్తిని. ఇంగ మెడ పట్టడంలా. దిగు తల్లీ అన్యా."

డాక్టరమ్మ సంతకం తీసుకుని ఒక్క ప్రశ్న అడిగింది. "ఆయన మళ్ళీ కొడితే ఎక్కడికి పోతావు?"

పాకాల అక్క గిన్నెలు తుడుస్తూనే, తల తిప్పకుండా, "పాకాల్లో నా ఇల్లుండాది. రెండు రూములు. ఒకదాంట్లో ఎవురూ ల్యా" అంది. డాక్టరమ్మ పోలీస్‌స్టేషన్ నంబరు, ఆడవాళ్ళకు సాయం చేసేవాళ్ళ నంబరు కాగితం మీద రాసి ఆమె సంచిలో పెట్టింది. అవి పెట్టకుండా కత్తెర ముట్టనివ్వలేదు. ఊరికి కబురు కూడా డాక్టరమ్మే పంపింది, మెడనొప్పికి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచుకుంటున్నామని.

మూడు రోజులు పట్టింది. మొదటి కత్తెర ఆమే వేసింది. ఎడమచెవి వెనకది. చేయి తిమ్మిరికి కత్తెర వణుకుతుంటే నేను పట్టుకోబోయాను. "వద్దు" అంది. కిర్రుకిర్రుమని ఆ జడ తెగడానికి చాలాసేపు పట్టింది. తెగి ఒళ్ళో పడినప్పుడు గదిలో నలుగురం ఉన్నాం. ఏమీ జరగలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. బయట ఎవరో టోకెన్ నంబరు పిలుస్తున్నారు. ఆమె పైకప్పు వైపు ఒకసారి చూసి, కత్తెర నా చేతికిచ్చింది.

కిందిభాగం కోసేశాక, మొదలు దగ్గర బెత్తెడు మేర నేను, పాకాల అక్క చెరోవైపు కూర్చుని నూనెతో నాననిచ్చి పోగు పోగు విప్పాం. కోసిన వాటిలో అన్నిటికంటే లావు జడను సర్దుతుంటే నడుమ ఏదో గట్టిగా తగిలింది. విప్పిచూస్తే తుప్పుపట్టిన తలపిన్ను. దానికి చుట్టుకుని, ముట్టుకుంటే పొడి అయ్యే పూలదారం. జ్వరంతో పడుకున్న నాడు పెట్టుకున్న పూలు. జడమ్మ ఆ పిన్నును అరచేతిలో పెట్టుకుని, "ఇది నాదే" అంది. ఎక్కడో తప్పిపోయిన మనిషిని గుర్తుపట్టినట్టు అంది. కోసిన జడలను ఆమే పసుపుగుడ్డలో మూటగట్టి దిండు పక్కన పెట్టుకుంది. దానిమీద కాలు తగలకుండా మేమందరం జాగ్రత్తపడ్డాం. తైలాలు కాచే ఆయన మాత్రం మూడు రోజులూ ఆ గది గుమ్మం తొక్కలేదు.

మూడోరోజు మధ్యాహ్నం తల మొత్తం బయటపడింది. ఎండ ఎరగని చర్మం, సొరకాయ లోపలిలా తెల్లగా ఉంది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న నా చేతులు ఆ తల ముందు కాసేపు ఆగిపోయాయి. పసిబిడ్డ తల ముట్టుకోవడానికి జంకినట్టు జంకాను. "పెడతా?" అన్నాను. "పెట్టు" అంది. గోరువెచ్చని నూనె మాడు మీద పోసి, పది వేళ్ళూ ఒకేసారి ఆనించాను. చర్మం కదిలింది. ఎముక మీద పల్చటి గుడ్డ జరిగినట్టు, ఎక్కడా పట్టు లేకుండా.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. నిద్రపోతుందనుకున్నాను. ఆమె కిలకిల నవ్వింది.

"అక్కా, నిలుపు నిలుపు! సక్కిలిగింతలు!"

తొమ్మిదేళ్ళు అరచెయ్యి ఆనని తల. చక్కిలిగింతలు పుట్టి పీట మీద నిలవలేక మెలికలు తిరిగింది. పాకాల అక్క ముక్కు మీద వేలేసుకుని నవ్వింది. గుమ్మంలో నిలబడ్డ డాక్టరమ్మ నవ్వింది, ఆమె నవ్వడం నేను అప్పుడే చూశాను. నా కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే నూనె చేతులతో తుడుచుకుని కళ్ళు మండించుకున్నాను.

నాలుగో రోజు మొగుడు వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. చెవుల దాకా కూడా రాని కురచ జుట్టుతో, నూనె నిగనిగలతో, పీట మీద కూర్చున్న పెళ్ళాన్ని చూశాడు.

"ఏం జేసినావే?" అన్నాడు.

నేను అడ్డం పోబోయాను. జడమ్మ నా వైపు చూసి, "అక్కా, మీరు బయట ఉండండి. తలుపు ముయ్యండి" అంది.

ఎలా మూస్తాం? డాక్టరమ్మ వైపు చూశాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "గడియ పెట్టొద్దు. మేం ఇక్కడే ఉంటాం" అంది. వరండాలో నిలబడ్డాం. పాకాల అక్క మందులు నూరే రాతి బండను కొంగు చాటున పట్టుకుని నిలబడింది. ఆ బండతో ఏం చేద్దామనుకుందో ఆమెకే తెలియాలి. లోపలి నుంచి ఒక మాటా వినిపించలేదు. అరుపు లేదు, ఏడుపు లేదు. నేను ఆగలేక రెండుసార్లు తలుపు మీద చేయి వేశాను. రెండుసార్లూ అక్క తీసేసింది.

తలుపు తెరుచుకుంది. ముందు అతను వచ్చాడు. మమ్మల్ని చూడకుండా కుళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు, చాలాసేపు. మళ్ళీ లోపలికి పోయి ఆమె సంచి తెచ్చాడు. పసుపు మూట ఆమె చేతిలోనే ఉంది. "పొయ్యొస్తాం" అంది. ఇద్దరూ వెళ్ళిపోయారు. అతను వెనక, ఆమె ముందు.

లోపల ఏం జరిగిందో మాకెవరికీ తెలియదు. తర్వాత ఏడాదిపాటు ఆమె నెలకోసారి వచ్చి తలంటించుకుని పోయేది. చేతి తిమ్మిరి మెల్లగా తగ్గింది. ఒంటి మీద దెబ్బ ఉందేమోనని నేను చూస్తూనే ఉన్నాను. కనబడలేదు. నోరు తెరిచి అడగలేదు. చెప్పాలనుకుంటే చెబుతుందని ఊరుకున్నాను. ఆ తర్వాత ఆమె రావడం తగ్గింది, పాకాల అక్క రిటైరైంది, కొన్నేళ్ళకు నేనూ అయ్యాను.

పోయిన ఏడు కాణిపాకం వెళ్ళాను. క్యూలో నా ముందున్న ఆవిడ వెనక్కి తిరిగి, "అక్కా, నువ్వేనా?" అంది. నడుము దాకా దిగిన నున్నటి జడ, జడలో కనకాంబరాలు. మొహం చూసేదాకా గుర్తుపట్టలేదు. క్యూ కదలడం లేదు. ఇద్దరం గోడకు ఆనుకుని మాట్లాడుకున్నాం. వాళ్ళ అత్త మూడు నెలలు మాట్లాడలేదట. "ఆమె మాట్లాడకుంటే నాకు సుకమే గదా" అని నవ్వింది. ఊళ్ళో జనం మంగళవారాలు రావడం మానేశారట. ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నారట.

ఇక ఉండబట్టలేక అడిగేశాను. "ఆ రోజు తలుపు మూసి ఆయనతో ఏం చెప్పావు?"

ఆమె జడ ముందుకు వేసుకుని, క్యూలో వాళ్ళకు వినబడకుండా దగ్గరికి జరిగింది.

"ఎక్కువ ఏం సెప్పలా అక్కా. ఆయన చెయ్యి తీసుకోని నా తల మింద పెట్టుకున్యా. ఇన్నేండ్లు ఈడ అమ్మోరు ఉండాదని బయపడితివి. ఇప్పుడు నేనొక్కదాన్నే ఉండా. కొట్టేదుంటే ఇప్పుడే కొట్టు, రేపటికి పెట్టుకోవద్దు అన్యా."

ఆ పని ఎవరినీ చేయమని నేను చెప్పను. వరండాలో డాక్టరమ్మ, బండ పట్టుకుని అక్క, సంచిలో నంబర్ల కాగితం ఉండబట్టి కూడా ఆమె చేయగలిగి ఉండొచ్చు. అవేవీ లేకున్నా చేసేదేమో. తెలియదు.

"ఆయనేం చేశాడు?"

"చెయ్యి ఎనక్కి తీసుకోలా. అట్లే పెట్టుకోని నిలబడినాడు. ఆ తరవాత శానాసార్లు నోరు లేచింది అక్కా, అబద్దం సెప్పను. చెయ్యి మటుకు లేవలా."

"ఏమీ మాట్లాడలేదా ఆ రోజు?"

క్యూ కదిలింది. ఆమె రెండడుగులు ముందుకు వేసి, వెనక్కి తిరిగింది.

"ఒక్క మాట అన్యాడు. 'నీ తల ఎచ్చగా ఉండాదే' అన్యాడు."